మస్టర్ నుంచి మిడ్ దాకా

సిస్టమ్స్ ఎనాలిసిస్ అండ్ డిజైన్ సబ్జెక్టు పాసవ్వాలంటే ఏం చేయాలని సంగారెడ్డి చుట్టుపక్కల ఏ కాలేజీలో అడిగినా దాదాపు ఒకే జాబితా వినిపిస్తుంది: 75 శాతం హాజరు, రెండు మిడ్లు, గడువులోపు అసైన్‌మెంటు, బ్యాచ్‌గా చేసే ప్రాజెక్టు, గైడు సంతకం, చివర్లో వైవా. పని జరిగే చోటికి పోయి, ఆ పని చేసే మనిషిని కూర్చోబెట్టుకుని అడగాలన్న షరతు మాత్రం అందులో ఉండదు. ఈ విద్య పుట్టిందే అలా అడగడంలోంచి. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, కాజీపల్లి ఫ్యాక్టరీల మధ్యే ఇన్ని ఇంజనీరింగ్ కాలేజీలు లేచాక కూడా ఇలా ఎందుకు జరిగింది? కాలేజీ ఫ్యాక్టరీ నుంచి తెచ్చుకున్నది లెక్కపెట్టడం ఒక్కటే, ఆరా తీయడాన్ని గేటు దగ్గరే వదిలేసి వచ్చింది అన్నది నా వాదన.

ముందు ఈ సబ్జెక్టు పుట్టుక. ఇంగ్లండులో జె. లయన్స్ అనే టీ దుకాణాల కంపెనీ 1951లో లియో అనే కంప్యూటరును ఆఫీసు లెక్కలకు పెట్టింది. బేకరీలో తయారైన సరుకుకు విలువ కట్టడం దాని మొదటి పని. యంత్రం రావడానికి చాలా ముందే, 1930ల్లోనే, ఆ కంపెనీలో ఆఫీసు పని తీరును పరిశీలించడానికని ఒక విభాగం ఉండేది. ఆర్డరు ఏ చేతి నుంచి ఏ చేతికి పోతోంది, ఏ కాగితాన్ని రెండుసార్లు రాస్తున్నారు, ఏ కాగితాన్ని ఎవరూ చదవడం లేదు అని చూడటమే అలాంటి పరిశీలన. తొలి సిస్టమ్స్ ఎనలిస్టుగా చాలామంది చెప్పుకునే డేవిడ్ కామినర్ ఆ కంపెనీ మనిషే. టామ్ డిమార్కో, గేన్, సార్సన్ లాంటివాళ్లు డేటా ఫ్లో డయాగ్రమ్ పద్ధతిని పుస్తకాలకెక్కించింది ఆ తర్వాత పాతికేళ్లకు, 1970ల చివర్లో. మన దేశంలో 1980ల్లో ప్రొఫెసర్ రాజారామన్ నాయకత్వంలోని కమిటీ సిఫార్సుతో ఎంసీఏ వచ్చింది, 1990లలో కంప్యూటర్ కోర్సులకు డీఓఈఏసీసీ పరీక్షలు వచ్చాయి, ఈ సబ్జెక్టు రెండింట్లోనూ చోటు సంపాదించింది. అప్పటికి దాని సారమంతా బొమ్మల్లోకి దిగిపోయింది. వృత్తం గీస్తే ప్రాసెస్, రెండు గీతలు గీస్తే డేటా స్టోర్. బొమ్మకు మార్కులు వేయవచ్చు. ఒక స్టోర్‌కీపరును ఎంత బాగా అడిగావన్నదానికి మార్కులు వేయడం కష్టం.

ఇక ఈ ప్రాంతం సంగతి. చెకోస్లొవేకియా సాయంతో కట్టిన రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో 1960ల నడుమ ఉత్పత్తి మొదలైంది. 1972లో పటాన్‌చెరులో వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వచ్చింది. ఆ మరుసటి ఏడాది ఏర్పడిన ప్రభుత్వ సంస్థ ఏపీఐఐసీ పారిశ్రామికవాడలు వేసుకుంటూ పోయింది. 1970 పేటెంట్ల చట్టం మందు మీద కాక తయారీ పద్ధతి మీదే పేటెంటు ఇస్తామనడంతో, ప్రభుత్వ రంగ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో చేయి తిరిగిన రసాయన శాస్త్రవేత్తలు సొంతంగా బల్క్ డ్రగ్ యూనిట్లు పెట్టుకున్నారు. బొల్లారం, పటాన్‌చెరు అలా మందుల ఊళ్లయ్యాయి. 1984లో ఎద్దుమైలారంలో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ వచ్చింది. జొన్నచేలు చేసుకునే ఊళ్లకు వీటితోపాటు వచ్చిన కొత్త వస్తువు రిజిస్టరు. 1948 ఫ్యాక్టరీల చట్టం 62వ సెక్షన్ ప్రకారం ప్రతి కార్మికుడి పేరు, చేసే పని, షిఫ్టు రాసిపెట్టాల్సి ఉండేది. ఆ రిజిస్టర్లో పేరు ఎక్కని మనిషిని పనిలోకి దించకూడదని ఆ చట్టం అన్నది. 1961 అప్రెంటిస్ చట్టం ప్రకారం శిక్షణలో ఉన్న కుర్రాడు ఎంతవరకు నేర్చుకున్నాడో కూడా యాజమాన్యం రాసి ఉంచాలి. సైరన్, టైమ్ ఆఫీసు, గేట్ పాసు, మస్టరు అన్నవి ఈ పల్లెల్లో రెండు తరాలకు నిత్యజీవితం అయిపోయాయి.

కాలేజీలు ఆ తర్వాత వచ్చాయి, ముఖ్యంగా 1990ల చివరి నుంచి. జేఎన్‌టీయూ 1972లో పుట్టింది. వందల ప్రైవేటు కాలేజీలకు అనుబంధం ఇచ్చే విశ్వవిద్యాలయంగా మారాక దానికో చిక్కు ఎదురైంది. తాను ఎన్నడూ చూడని తరగతి గదుల్లో చదువు సాగుతోందని ఎలా నమ్మాలి? లెక్కపెట్టగలిగినవాటితోనే నమ్మాలి. 75 శాతం హాజరు, అనారోగ్యం చూపిస్తే 65 దాకా కండొనేషన్, ఆ కిందికి పోతే డిటెన్షన్. 2018 నిబంధనల్లో ఇంటర్నల్స్‌కు 25, ఎక్స్‌టర్నల్‌కు 75. ఎక్స్‌టర్నల్‌లో 26 రావాలి, మొత్తం మీద 40 రావాలి. హాజరు నియమం ఫ్యాక్టరీలకంటే పాతదని, బ్రిటిష్ కాలపు విశ్వవిద్యాలయాల నుంచి వచ్చిందని ఎవరైనా అనవచ్చు. నిజమే, మస్టరు నుంచే ఇది నేరుగా పుట్టిందని నేను అనడం లేదు. రెంటి తర్కం ఒకటే అంటున్నాను: దూరాన ఉన్న అధికారికి, దగ్గర జరిగే పని మీద అంకెలతో భరోసా ఇవ్వడం. 2008 నాటికి ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చి ఆ 75కు డబ్బు కూడా ముడిపడింది. హాజరు లేకపోతే సర్కారు సొమ్ము రాదు. కూలీ లెక్కగట్టే మస్టరుకూ కాలేజీ అటెండెన్సుకూ మధ్య మిగిలి ఉన్న కాస్త తేడా కూడా అక్కడితో పోయింది.

దీన్ని తీసిపారేయడానికి లేదు. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన పిల్లలకు హాజరు పట్టింపు మేలే చేసింది. పొలం పనికి, పార్ట్‌టైమ్ పనికి పిలుపొచ్చినప్పుడు 'అటెండెన్స్ పోతుంది' అన్నది కుటుంబం ఒప్పుకునే జవాబు. కాగితం మీద మాత్రమే ఉండి రీయింబర్స్‌మెంట్ తినే కాలేజీలకు అడ్డుకట్టగా కూడా అది కొంత పనికొచ్చింది, బయోమెట్రిక్‌కు సైతం దొంగదారులు కనిపెట్టినవాళ్లు ఉన్నా. కాబట్టి తప్పు హాజరు పట్టీది కాదు. పట్టీ ఉన్నంత పకడ్బందీగా దాని పక్కన ఇంకేదీ లేకపోవడమే ఇబ్బంది.

జేఎన్‌టీయూ హైదరాబాద్ 2018 సిలబస్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ ల్యాబును చూడండి. బీటెక్‌లో మన సబ్జెక్టు చాలావరకు అందులోనే కలిసిపోయింది. మొదటి అభ్యాసం ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్ తయారుచేయడం, రెండోది అవసరాల పత్రం, అంటే ఎస్ఆర్ఎస్ రాయడం. క్రమం చక్కగా ఉంది. వీటిని చేయడానికి ఇచ్చిన నమూనా ప్రాజెక్టుల జాబితాలో పాస్‌పోర్టు ఆటోమేషన్, బుక్ బ్యాంకు, ఆన్‌లైన్ పరీక్ష రిజిస్ట్రేషన్, ఈ-టికెటింగ్, క్రెడిట్ కార్డు ప్రాసెసింగ్ లాంటివి పది ఉన్నాయి. పాస్‌పోర్టు ఆఫీసు గుమాస్తాను ఏ విద్యార్థీ కలవడు, కలవనవసరం కూడా లేదు. గత ఏడాది బ్యాచ్ రికార్డు ఉంటుంది, లేదంటే రెడీమేడ్ ప్రాజెక్టులు దొరికే అమీర్‌పేట ఉంది. సమస్య ఎవరిదో తెలియకుండానే సమస్యా ప్రకటన తయారై, ఎర్రసిరాతో సంతకమై, బైండింగుకు పోతుంది. ఆ సంతకానికి గడువు దాటితే మార్కులు పోతాయి. ఆ ప్రకటన ఎవరి నోట విన్నావని అడిగేవాళ్లు లేరు, ఎవరి నోటా విననందుకు మార్కులేమీ పోవు. పిల్లలు సోమరులు కావడం వల్ల ఇలా జరిగిందనుకోవడం అన్యాయం. ఏది లెక్కకొస్తుందో అదే వాళ్లు చేశారు, ఆ మాత్రం సిస్టమ్ ఎనాలిసిస్ వాళ్లకూ వచ్చు.

విచిత్రమేమంటే, కాలేజీలో ఎండిపోయిన ఈ విద్య పక్కనున్న మందుల ఫ్యాక్టరీల్లో మాత్రం బతికే ఉంది. అమెరికా ఎఫ్‌డీఏ 1997లో ఎలక్ట్రానిక్ రికార్డుల మీద పార్ట్ 11 అనే నియమం తెచ్చింది. అమెరికాకు మందులమ్మే కంపెనీ ఏదైనా బ్యాచ్ రికార్డునో ల్యాబ్ ఫలితాన్నో కంప్యూటర్లో పెడితే, ఆ కంప్యూటరు చెప్పిన పని చెప్పినట్టే చేస్తుందని రుజువు చూపాలి. అందుకోసం పుట్టిన పనికి కంప్యూటర్ సిస్టమ్ వ్యాలిడేషన్ అని పేరు, ఫ్యాక్టరీలో అందరూ సీఎస్‌వీ అంటారు. దాని తొలి కాగితం యూఆర్ఎస్. వాడేవాళ్లకు ఏం కావాలో వాళ్లనే అడిగి అంశాలవారీగా రాసి, చివర్లో ఒక్కో అంశానికి పరీక్ష చేసి చూపాలి. ఫలితాన్ని ఎవరు దిద్దవచ్చు, దిద్దితే పాతది ఎక్కడ కనబడాలి, రాత్రి షిఫ్టులో సూపర్‌వైజరు లేకపోతే సంతకం ఎవరిది లాంటి ప్రశ్నలు దాటవేసి రాసిన యూఆర్ఎస్ తనిఖీలో నిలబడదు. ఈ ప్రశ్నలన్నీ కాలేజీ సబ్జెక్టులోవే. వాటిని రాస్తున్నది మాత్రం ఎక్కువగా కెమిస్ట్రీ, ఫార్మసీ చదివి క్వాలిటీ విభాగంలో చేరినవాళ్లు, ఉద్యోగంలో పడ్డాక నేర్చుకుని.

ఫ్యాక్టరీ వాళ్లు విద్యార్థులను లోపలికి రానివ్వరు కదా అన్నది అన్నిటికన్నా బలమైన అభ్యంతరం. రియాక్టర్ల దగ్గరికి తెలియని కుర్రాళ్లను పంపడం ప్రమాదం, తయారీ పద్ధతి రహస్యం, పైగా కాలుష్యం కేసుల తర్వాత బయటివాళ్లంటే అనుమానం. 1990లో సుప్రీంకోర్టుకెక్కిన పటాన్‌చెరు కాలుష్యం కేసు, 1994లో మొదలైన ఉమ్మడి శుద్ధి కేంద్రం, నక్కవాగు నీళ్ల మీద ఏళ్ల తరబడి నడిచిన నివేదికలు ఆ అనుమానాన్ని పెంచాయి. ఒప్పుకుంటాను. కానీ విశ్లేషణకు కావలసిన సమాచారం చాలావరకు గేటు బయటే ఉంది. ఫ్యాక్టరీ వ్యర్థజలం ట్యాంకరెక్కి శుద్ధి కేంద్రానికి చేరేదాకా ఏ చీటీ ఎవరి చేతిలో ఉంటుంది, నమూనా ఎక్కడ తీస్తారు, దారిలో ట్యాంకరు వాగులో ఖాళీ చేస్తే ఏ కాగితం అబద్ధమాడాలి? కాంట్రాక్టరు తెచ్చిన కూలీ పేరు ఎన్నిచోట్ల రాస్తారు? ఈ ప్రశ్నలకు రియాక్టరు చూడనక్కర్లేదు. డ్రైవర్లు, కాంట్రాక్టర్లు, మేస్త్రీలు పాశమైలారం పక్కనున్న ఇస్నాపూర్ చౌరస్తాలోనే దొరుకుతారు.

కూలీ పేరు గురించిన ఆ చివరి ప్రశ్న తేలిక ప్రశ్నేమీ కాదు. 2025 జూన్ 30న పాశమైలారం సిగాచి ఫ్యాక్టరీ పేలుడులో 40 మందికి పైగా చనిపోయారు. చాలామంది ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీలు. మృతదేహాలను డీఎన్‌ఏ పరీక్షలతో గుర్తించాల్సి వచ్చింది, కొందరి జాడే దొరకలేదు. పేరు ఎక్కనివాణ్ణి పనిలోకి దించకూడదని 1948 చట్టం ఎందుకన్నదో అలాంటి రోజున తెలుస్తుంది. ఈ క్షణం లోపల ఎవరున్నారో నిప్పంటుకున్నా చెప్పగలగడం మస్టరు చేయాల్సిన పనుల్లో ఒకటి, జీతాల లెక్క ఇంకొకటి. రెంటికీ ఒకే రిజిస్టరు చాలదనీ, మొదటిదాని ప్రతి గేటు బయట కూడా ఉండాలనీ తేల్చేది డిజైను. రోజుకు ఏడుసార్లు అటెండెన్స్ చెప్పే విద్యార్థికి, ఆ పట్టీ ఎవరి కోసం, ఏ నిర్ణయం కోసం అని ఒక్కసారైనా ఆలోచించే అసైన్‌మెంటు ఇచ్చి ఉంటే ఈ తేడా పుస్తకం లేకుండానే తెలిసేది.

నిబంధనలన్నీ యూనివర్సిటీ చేతిలో ఉన్నాయి, మేమేం చేయగలం అన్నది కాలేజీల పాత సమాధానం. 2008లో ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఆవరణలోనే మొదలై 2015లో కందికి మారిన ఐఐటీ, తన కోర్సులను చిన్న ముక్కలుగా చేసి తనకు నచ్చినట్టు నడుపుకుంది. దాని స్వేచ్ఛ వేరు, దాన్ని చూపి అనుబంధ కాలేజీని తప్పుపట్టలేం. కానీ జేఎన్‌టీయూ 2022 నిబంధనల్లో ఇంటర్నల్స్ 25 నుంచి 40కి పెరిగాయి. అందులో 5 మార్కులు వైవా, పోస్టరు, కేస్ స్టడీ లాంటివాటికి కేటాయించారు, ఏది ఎంచుకోవాలన్నది అధ్యాపకుడి ఇష్టం. స్వయంప్రతిపత్తి తెచ్చుకున్న కాలేజీలకైతే సిలబసే వాళ్ల చేతిలో ఉంది. పాస్‌పోర్టు ఆటోమేషన్‌ను పక్కనపెట్టి ట్యాంకరు చీటీ మీద కేస్ స్టడీ అడగడానికి ఇప్పుడు ఏ సర్క్యులరూ అడ్డురాదు. అడగకపోతే, యూనివర్సిటీ పేరు చెప్పడానికి మాత్రం ఇక వీల్లేదు.