పంతుళ్ళు చూసిన మనిషి

1967 అక్టోబరు 31. పార్వతీపురం ఏజెన్సీ. మొండెంఖల్లులో గిరిజన సంఘం మహాసభ. జాతాపులూ సవరలూ కొండలు దిగి గుంపులుగా నడుస్తున్నారు. ఉప్పుకీ కిరసనాయిలుకీ గుడ్డముక్కకీ చేసిన అప్పు, వేలిముద్ర పడిన కాగితం మీద పెరిగి పెరిగి, భూమినే మింగేసిన జనం వాళ్ళు. లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు అడ్డగించారు. వెనక్కి పొమ్మన్నారు. తుపాకులు పేలాయి. కోరన్న, మంగన్న ప్రాణాలు పోయాయి.

ఈ జనాన్ని కూడగట్టిన వెంపటాపు సత్యం బడిపంతులు. తోడు నిలిచిన ఆదిభట్ల కైలాసమూ పంతులే.

ఇంగ్లండులో విలియం గోల్డింగ్ కూడా పంతులే. నౌకాదళంలో చేరి, 1944లో నార్మండీ యుద్ధం చూసొచ్చి, మళ్ళీ పాఠాలు చెప్పుకుంటూ 1954లో ‘లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్’ అచ్చువేశాడు. పెద్దవాళ్ళు లేని దీవిలో బడిపిల్లలు ఒకర్నొకరు వేటాడుకుంటారు. చెడుగు మనిషి పుట్టుకలోనే ఉందని ఆయన తేల్చేశాడు.

నాకు అంతకన్నా భయం వేసేది మన ‘యజ్ఞం’ కథ. 1966లో అచ్చయింది. రాసిన కాళీపట్నం రామారావు విశాఖలో లెక్కల మాస్టారు. అందులో దీవి లేదు, అరాచకమూ లేదు. పంచాయితీ ఉంది, పెద్దమనుషులున్నారు, పద్దులన్నీ సక్రమంగా ఉన్నాయి. ఎప్పటిదో అప్పు తీర్చాల్సిందేనని తేలుస్తారు. అప్పుపడ్డ ఇంటి సీతారాముడు కన్నకొడుకునే చంపేస్తాడు, వాడూ బానిసై బతక్కూడదని. ఇంతకన్నా చీకటి కథ ఇంకేముంటుంది? అయినా కారా మాస్టారు తప్పు మనిషి నెత్తురులో వెతకలేదు, అప్పు లెక్కలో వెతికారు.

లేవిడి కేసు 1968లో తేలింది. కోర్టు నిందితుల్ని వదిలేసింది. ఆ తర్వాతే కొండల్లో ఆయుధాలు లేచాయి. భూస్వాములూ చచ్చారు, వందలాది ఉద్యమకారులూ చచ్చారు. గోల్డింగ్‌కి ఈ కథ చెబితే ‘నే చెప్పలేదా’ అనేవాడేమో. కానీ ఆయన దీవిలో కోర్టు లేదు. ఇక్కడ ఉంది, అదీ మొదటే ఉంది.

1970 జులై 10న సత్యం, కైలాసం హతమయ్యారు. ఎన్‌కౌంటరన్నారు పోలీసులు. సరిగ్గా ఆరు రోజుల ముందు విప్లవ రచయితల సంఘం, విరసం, పుట్టింది. ‘అల్పజీవి’ నవలలో పిరికి సుబ్బయ్యని సృష్టించిన రావిశాస్త్రి కూడా అందులో చేరాడు.

ఊరి పేరు మాత్రం పార్వతీపురం కుట్ర కేసుగా చరిత్రకెక్కింది. అందులో ముద్దాయిలు ఉద్యమకారులే. లేవిడిలో కాల్చినవాళ్ళ మీద ఏ కుట్రా మోపలేదు.