తాడు ఎవరి చేతిలో

గోలేటిలో పెరిగిన నాకు కాలమంటే సైరన్. బాయి మీద అది కూసిందంటే అమ్మ అప్పటికే లేచి నాన్నకు సద్ది కట్టి ఉండాలి. మూడు షిఫ్టులకు మూడు కూతలు. మా వాడలో ఆడవాళ్ల నిద్రంతా ఆ కూత చేతిలోనే ఉండేది. కూత వేయించే చెయ్యి మాత్రం ఎప్పుడూ మగవాడిదే.

ఇంగ్లండు చర్చి గంటల గురించి చదువుతుంటే ఆ సైరనే గుర్తొచ్చింది. మన ఊళ్ల చర్చిల్లో సాధారణంగా ఒకే గంట, ఒకే తాడు. అక్కడ గోపురంలో ఆరో ఎనిమిదో ఉంటాయి, ఒక్కో తాడుకు ఒక్కో మనిషి. వాళ్లు పాట వాయించరు, మోగే వరస మారుస్తూ పోతారు. ఏడు గంటలను, వచ్చిన వరస మళ్లీ రాకుండా మోగిస్తే 5040 వరసలు. దాన్నే పీల్ అంటారు. పూర్తయ్యేసరికి దాదాపు మూడు గంటలు. (మోగేదానికీ కాలానికీ మన భాషలో ఒకే మాట ఉండటం ఇక్కడ ఇబ్బందే, అయినా నాకిష్టం.) కాగితం చూడకూడదు, వరసంతా మనసులో ఉండాలి.

ప్రాంతాలవారీగా మోగించేవాళ్ల సంఘాలుండేవి. ఒక ఊరివాళ్లు ఇంకో ఊరి గోపురానికి వెళ్లి మోగించి వచ్చేవారు. చాలాకాలం అవి మగవాళ్ల సంఘాలే. గంట బరువు ఆడవాళ్ల వల్ల కాదనేవారు. చక్రానికి బిగించిన గంటకు కండకన్నా అదును ముఖ్యం. అయినా బరువు ఆడవాళ్లకు కొత్తా? అదే దేశంలో 1842 చట్టం ఆపేదాకా ఆడవాళ్లు గనుల్లో బొగ్గు బళ్లు లాగారు.

1896లో బేసింగ్‌స్టోక్‌కు చెందిన ఆలిస్ వైట్ మగవాళ్ల మధ్య నిలబడి పీల్ పూర్తి చేసింది. ఆడమనిషి మోగించిన మొదటి పీల్ అది. 1912లో లండన్‌లోని క్యూబిట్ టౌన్‌లో అందరూ ఆడవాళ్లే కలిసి ఒకటి మోగించారు. స్త్రీల గిల్డు పుట్టిందీ ఆ ఏడే. 1914లో యుద్ధం వచ్చింది. దాదాపు 1400 మంది గంటలవాళ్లు చనిపోయారు. ఖాళీ తాళ్లు ఆడవాళ్లు పట్టుకున్నారు, యుద్ధం అయ్యాక కూడా వదల్లేదు.

గనుల్లో అలా జరగలేదు. బ్రిటిష్ ఇండియాలో 1929 నిబంధనలతో ఆడవాళ్లను భూగర్భం నుంచి దశలవారీగా తప్పించారు. రెండో యుద్ధంలో బొగ్గు కావలసి 1943లో మళ్లీ దింపారు, 1946లో పైకి పంపేశారు. 1952 గనుల చట్టం ఆ నిషేధాన్ని కొనసాగించింది. 2019లో అనుమతిచ్చినప్పుడు కూడా అది సాంకేతిక, పర్యవేక్షణ, మేనేజరు ఉద్యోగాలకే. తట్ట మోసిన మనిషి ఆ జాబితాలో లేదు.