సంపెంగ వాగు ఒడ్డున సారలమ్మ

సమ్మక్క కథ ఎవరినడిగినా చెబుతారు. అడవిలో పులుల నడుమ ఆడుకుంటూ కోయదొర మేడరాజుకు దొరికిన పసిపాప, పగిడిద్దరాజును పెళ్లాడి మేడారానికి వచ్చిన కోడలు, చివరికి చిలుకలగుట్ట మీద కుంకుమ భరిణె. సారలమ్మ గురించి అడిగితే మూడే ముక్కలు. సమ్మక్క కూతురు, గోవిందరాజు భార్య, యుద్ధంలో పోయింది. నా దుఃఖమంతా ఆ పిల్ల కోసమే.

ఏళ్ల తరబడి వానల్లేవు. గింజ పండని కోయగూడెం కప్పం ఎక్కణ్ణుంచి తెస్తుంది? ఓరుగల్లుకు ఆ కరువు కనబడలేదు, కట్టని కప్పమే కనబడింది. పొలవాస వదిలి వచ్చిన మేడరాజుకు అల్లుడు నీడ ఇవ్వడం రెండో నేరమైంది. ప్రతాపరుద్రుడి సేన మేడారం మీదికి దిగింది. మాఘ పున్నమి నాళ్లవి. సంపెంగ వాగు దగ్గర పగిడిద్దరాజు ఒరిగాడు. సమ్మక్క మరో కూతురు నాగులమ్మ, గోవిందరాజు, సారలమ్మ నేలకూలారు. ఓటమి చూడలేక సమ్మక్క కొడుకు జంపన్న వాగులో దూకాడు. ఆనాటి నుంచి అది జంపన్న వాగు. అంతమందిని పోగొట్టుకున్నాక కూడా సమ్మక్క ఆగలేదు. వెనక నుంచి పొడిస్తే తప్ప ఆ తల్లిని ఆపలేకపోయారు. నెత్తురోడుతూనే గుట్ట దారి పట్టింది, మళ్లీ కనబడలేదు.

సారలమ్మలాగే యుద్ధానికి దిగిన ఫ్రాన్సు దేశపు జోన్ ఆఫ్ ఆర్క్‌ను 1431 మే 30న రూవాఁ పట్టణంలో తగలబెట్టారు. పంతొమ్మిదేళ్లుంటాయేమో. చంపినవాళ్లే ఆమెను ప్రశ్నలడిగారు, జవాబులు రాయించారు. అందుకే ఆ పల్లెపిల్ల మాట ఈనాటికీ వినబడుతోంది. సారలమ్మను ఎవరూ ఏమీ అడగలేదు. గుడులకు, చెరువులకు శాసనాలు వేయించిన కాకతీయులు మేడారం యుద్ధాన్ని ఒక్క రాతి మీదా చెక్కించలేదు. డోలి కోయలు పడిగెలు పట్టుకుని పాడకపోతే ఆ మూడు ముక్కలైనా మనకు దక్కేవా?

ఇచ్ఛాపురం నుంచి మేడారం చాలా దూరం. అయినా మా ఉద్దానం వైపు వాళ్లకు ఈ కథ పరాయిది కాదు. 1940లో మందస జమీందారీలో అడవి కట్టెల మీద హక్కు కోసం రైతులు తిరగబడితే, గుడారి రాజమణిపురంలో పోలీసులు కాల్పులు జరిపారు. కడుపుతో ఉన్న గున్నమ్మ ఆ తూటాలకు బలైంది. అడవినే నమ్ముకున్న వాళ్ల మీదికి సర్కారు ఆయుధం ఎత్తినప్పుడు ఆడదాని ప్రాణానికి విలువ ఉండదని మా ఊళ్లూ చూశాయి.

రెండేళ్లకోసారి మాఘంలో మేడారం జాతర. బెల్లాన్ని బంగారమంటూ నిలువెత్తున తూచి ఇస్తారు. సారలమ్మకు కన్నెపల్లిలో తన గుడి తనకుంది. బుధవారం కోయ పూజారులు ఆమెను అక్కణ్ణుంచి తీసుకుని, జంపన్న వాగు దాటి మేడారం గద్దెకు నడుస్తారు. తల్లి గద్దెనెక్కేది మర్నాడు, గురువారం. వాగు దగ్గర ఆనాడు కూడా బిడ్డే ముందు పోయింది. బిడ్డల్లేని ఆడవాళ్లు, రోగాలతో చిక్కినవాళ్లు కన్నెపల్లి గుడి ముందు తడిబట్టలతో బోర్లా పడుకుని వరం పడతారు. సారలమ్మను ఎత్తుకున్న పూజారి వాళ్ల మీదుగానే నడిచి వెళతాడు.