మసకబారిన ఛాయాచిత్రాల సవరణ

మసకబారిన ఛాయాచిత్రాల సవరణ అనగా వెలుగునీడల భేదం తగ్గి చప్పగా కనిపించే, పొగమంచు తెర కప్పినట్లుండే, లేదా సన్నని చుక్కలతో గరుకుగా ఉండే డిజిటల్ ఫోటోలను కంప్యూటరులో సరిచేసే ప్రక్రియ. ఇందుకు ఉపయోగించే సాఫ్టువేర్లలో ఫోటోషాప్ (మొదటి విడుదల 1990), గింప్ (మొదటి విడుదల 1996) ప్రసిద్ధమైనవి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణంలో విద్యార్థులుగా ఉన్న స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ 1995లో గింప్ తయారీని ప్రారంభించారు. ఇది ఉచితంగా లభించే స్వేచ్ఛా సాఫ్టువేరు. ఈ వ్యాసంలోని విధానం గింప్‌కు సంబంధించినదైనా, ఇతర సాఫ్టువేర్లలోను ఇదే క్రమం వర్తిస్తుంది.

లోపాలకు కారణాలు

మసక: దూరపు దృశ్యం నుండి వచ్చే కాంతిలో కొంత భాగం దారిలోని ధూళికణాలు, నీటి బిందువుల వలన చెదిరిపోతుంది. అదే సమయంలో ఆ కణాలపై పడిన సూర్యకాంతి కెమెరా వైపు మళ్ళి తెల్లని తెరవలె చేరుతుంది. దూరం పెరిగినకొద్దీ తెర చిక్కనవుతుంది. ఈ సంబంధాన్ని జర్మను వాతావరణ శాస్త్రవేత్త హరాల్డ్ కోష్మీడర్ 1924లో సూత్రీకరించాడు. శీతాకాలంలో అరకు లోయ ఫోటోలలో దగ్గరి చెట్లు స్పష్టంగాను, దూరపు కొండలు పాలిపోయినట్లుగాను కనబడడానికి కారణం ఇదే.

చప్పదనం: చిత్రంలో నిజమైన నలుపు గాని, నిజమైన తెలుపు గాని లేకపోవడమే చప్పదనం. మసకతో పాటు, కటకంపై నేరుగా పడే ఎండ, కటకానికి అంటిన దుమ్ము, వేలిముద్రలు కూడా దీనికి కారణాలు.

గరుకుదనం: దీనిని నాయిస్ అంటారు. వెలుతురు తక్కువగా ఉన్నపుడు సెన్సరుకు చేరే కాంతికణాల సంఖ్య తక్కువ గనుక, పక్కపక్కనే ఉన్న బిందువుల మధ్య కూడా హెచ్చుతగ్గులు కనిపిస్తాయి. ఐఎస్ఓ విలువను పెంచితే సంకేతంతో పాటు ఈ హెచ్చుతగ్గులూ పెద్దవవుతాయి.

హిస్టోగ్రామ్

సాధారణ జెపెగ్ చిత్రంలో ప్రతి రంగుకు 0 (నలుపు) నుండి 255 వరకు 256 స్థాయిలుంటాయి. ఏ స్థాయిలో ఎన్ని బిందువులున్నవో చూపే రేఖాపటమే హిస్టోగ్రామ్. చప్పని చిత్రంలో ఈ పటం మధ్యలోనే గుమిగూడి, రెండు చివరలు ఖాళీగా ఉంటాయి. సవరణకు ముందు దీనిని పరిశీలిస్తే లోపం ఎంతటిదో తెలుస్తుంది.

సవరణ క్రమం

1. అసలు ఫైలును భద్రపరచి నకలుపై పని చేయాలి. జెపెగ్ ఫైలును మార్చి భద్రపరచిన ప్రతిసారీ కొంత వివరం నశిస్తుంది. అందువలన పని పూర్తయ్యేవరకు గింప్ సొంత ఫార్మాటైన ఎక్స్‌సీఎఫ్‌లో ఉంచడం మంచిది.

2. నాయిస్ తగ్గించాలి. ఇది మొదటనే ఎందుకు చేయాలో ఒక లెక్కతో తెలుసుకొనవచ్చు. 90 నుండి 180 వరకు మాత్రమే విస్తరించిన చిత్రాన్ని 0-255 వరకు సాగదీస్తే ప్రతి తేడా దాదాపు 2.8 రెట్లవుతుంది. దృశ్యంలోని తేడాలతో పాటు నాయిస్ కూడా అన్ని రెట్లు పెరుగుతుంది. అయితే ఎక్కువగా తగ్గిస్తే చర్మం, ఆకులు మైనపు బొమ్మలవలె నునుపుగా మారతాయి. రంగు చుక్కలను గట్టిగాను, వెలుగు చుక్కలను స్వల్పంగాను తగ్గించడం మేలు.

3. లెవెల్స్ సాధనంలో నలుపు, తెలుపు గుర్తులను హిస్టోగ్రామ్ గుట్ట రెండు అంచుల దగ్గరకు జరపాలి. గుట్ట లోపలికి జరిపితే నీడలలోను, మేఘాలలోను వివరాలు పోతాయి.

4. కర్వ్స్ సాధనంలో గీతను స్వల్పంగా ఆంగ్ల ఎస్ అక్షరంవలె వంచితే మధ్యస్థాయిలలో వెలుగునీడల భేదం పెరుగుతుంది.

5. మిగిలిన మసకకు అన్‌షార్ప్ మాస్క్‌ను పెద్ద వ్యాసార్ధంతో (సుమారు 50), తక్కువ మోతాదుతో (సుమారు 0.2) వాడవచ్చు. దగ్గరి వస్తువులకు మసక ఉండదు గనుక, లేయర్ మాస్క్ ద్వారా దీనిని దూరపు భాగాలకే పరిమితం చేయాలి.

6. నీలిఛాయను సరిచేసి, రంగుల గాఢతను కొద్దిగా పెంచాలి.

7. అంచులకు పదును పెట్టడం చివరి పని. ముందే చేస్తే నాయిస్ చుక్కలకూ పదును వస్తుంది.

ప్రత్యేక పద్ధతులు

మసక లేని ఆరుబయటి దృశ్యాలలో, ఆకాశం తప్ప, దాదాపు ప్రతి చిన్న భాగంలోను ఏదో ఒక రంగు విలువ సున్నాకు దగ్గరగా ఉండే బిందువులు కొన్ని ఉంటాయి. మసక వలన ఆ విలువ పెరుగుతుంది. ఆ పెరుగుదలను బట్టి తెర మందాన్ని అంచనా వేసి తొలగించే పద్ధతిని కైమింగ్ హె, జియాన్ సన్, షియావూ టాంగ్ 2009లో ప్రకటించారు.

కదలని దృశ్యాన్ని స్టాండుపై ఉంచిన కెమెరాతో పలుమార్లు తీసి సగటు కట్టడం నాయిస్‌కు మంచి మందు. 4 చిత్రాల సగటులో నాయిస్ సగానికి, 16 చిత్రాల సగటులో నాలుగో వంతుకు తగ్గుతుంది.

పరిమితులు

సవరణ వలన చిత్రంలో దాగి ఉన్న వివరం బయటపడుతుందే కాని, అసలు నమోదు కాని వివరం రాదు. 91 స్థాయిలను 256కు సాగదీసినపుడు మధ్యలో ఖాళీలు ఏర్పడి, ఆకాశంలో చారలు కనబడవచ్చు. 14 బిట్ల రా ఫైలులో 16,384 స్థాయిలుంటాయి గనుక ఈ ఇబ్బంది చాలా తక్కువ.

కృత్రిమ మేధ ఆధారిత సాధనాలు లేని వివరాన్ని ఊహించి నింపగలవు. పాత కుటుంబ చిత్రంలో మసకబారిన ముఖాన్ని అవి స్పష్టం చేసినపుడు, కనబడే కన్నూ ముక్కూ ఆ వ్యక్తివి కాకపోవచ్చు. వార్తలకు, న్యాయస్థానాలలో సాక్ష్యానికి, చరిత్ర రచనకు ఉపయోగపడే చిత్రాలలో ఇది తీవ్రమైన పొరపాటుకు దారితీస్తుంది. కావున అటువంటి చిత్రాల విషయంలో అసలు ఫైలును, చేసిన మార్పుల వివరాలను కలిపి భద్రపరచడం అవసరం.