నవలలో భీం, దస్త్రంలో బాబూరావు



ఓ వానాకాలం పెర్మిలిలో కరెంటు పోయిన రాత్రి, కందిలి ముందు పెట్టుకుని అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన 'కొమురం భీం' నవల తెరిచాను. 1983లో వచ్చిన పుస్తకం. మర్నాడు ఎర్రటి కళ్ళతో బడికి వెళ్ళాను.

పంట దగ్గర గొడవలో సిద్దిఖ్ అనేవాణ్ణి చంపి భీం పారిపోతాడు. నన్ను కట్టిపడేసింది ఆ హత్య కాదు, ఆయన పారిపోయిన దిక్కు. నిజాం రాజ్యం దాటి మన చాందాకే వచ్చాడు, అంటే నేటి చంద్రపూర్‌కు. అక్కడ అచ్చుయంత్రం నడిపే విఠోబా దగ్గర చదువు నేర్చాడు. తరవాత అస్సాం తేయాకు తోటలు, మళ్ళీ బల్లార్షా మీదుగా తిరుగుదారి. 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాడని మనకు ముందే తెలుసు. అయినా చివరి పుటల్లో, ఈసారైనా తప్పించుకుంటాడేమోనని గుండె కొట్టుకుంటుంది!

భీంను దాచుకున్న ఆ చాందాలోనే, 1858 అక్టోబరు 21న, మన అహేరి ప్రాంతపు గోండు వీరుడిని ఉరితీశారు. మొలంపల్లి బాబూరావు పుల్లేసూర్ షెడ్మాకే. పాతికేళ్ళవాడు. ఘోట్ జమీందారు వెంకట్‌రావు ఆయనకు తోడు. ఆ ఏప్రిల్ 29న ప్రాణహిత ఒడ్డున చించ్‌గుండి దగ్గర టెలిగ్రాఫువాళ్ళ విడిది మీద పడ్డారు. గార్ట్‌లండ్, హాల్ అనే ఇద్దరు దొరలు చచ్చిపోయారు. పీటర్ అనే మూడోవాడు తప్పించుకున్నాడు. సెప్టెంబరులో బాబూరావును పట్టి ఇచ్చింది అహేరి జమీందారిణి లక్ష్మీబాయి. జప్తు చేసిన జమీందారీల ఊళ్ళు ఆమెకు బహుమానంగా ముట్టాయి.

దస్త్రం చెప్పేది అంతే. బహుమానం లెక్క ఉంది గాని, పట్టి ఇచ్చే ముందు రాత్రి ఆమె ఏమనుకుందో లేదు. చాందాలోని డిప్యూటీ కమిషనర్ కెప్టెన్ క్రైటన్ ఒత్తిడి ఒకవైపు, తన జాతివాడు మరొకవైపు. ద్రోహి అని ఒక్క మాటలో తేల్చేయడం నాకు ఇష్టం లేదు. భీంకు దొరికినట్టు ఈయనకూ ఓ తెలుగు నవలాకారుడు దొరికితే, ముందుగా ఆ రాత్రినే రాయమంటాను.

ఈ కథ తరగతిలో సగం తెలుగులో, సగం మరాఠీలో చెప్పాను. చివరి బల్ల మీది పిల్లవాడికి బాబూరావు మీద కాదు, పీటర్ మీద ధ్యాస.

"ఎటు పోయాడు సార్? దొరికాడా?" అన్నాడు ఆత్రంగా.

"దొరకలేదురా. కెప్టెన్ క్రైటన్ దగ్గరికి చేరుకున్నాడు" అన్నాను.

వాడు కాసేపు ఆలోచించి, "అయితే దొరకాల్సింది సార్" అన్నాడు.