బేలు లోపలి నిప్పు

పొద్దున ఆరున్నర. రాజపాళయం ఫైర్ స్టేషన్ ఆవరణలో మీరు వరుసలో నిలబడ్డారు. పడమటి కొండలు ఇంకా నీలంగానే ఉన్నాయి. తెన్‌కాశి రోడ్డు మీద మిల్లు షిఫ్టుకు జనాన్ని తీసుకెళ్లే బస్సు హారను కొడుతూ పోయింది. తాంబరం శిక్షణ కేంద్రంలో డ్రిల్లు ముగించుకుని ఈ మధ్యే మీరు డ్యూటీలో చేరారు. యూనిఫాంకు పెట్టిన గంజి ఇంకా బిరుసుగానే ఉంది.

వరుస ముందు నిలబడ్డ లీడింగ్ ఫైర్‌మ్యాన్ ఆర్డర్లన్నీ తమిళంలోనూ ఇంగ్లీషులోనూ ఇస్తాడు. మీరు తెలుగింటివాళ్లని తెలిశాక మాత్రం పక్కకు వచ్చి తెలుగులో మాట్లాడతాడు. విజయనగర రాజ్యం చెదిరిన తర్వాత తెలుగు నేల నుంచి దిగివచ్చిన రాజులు నిలబెట్టిన ఊరు ఇది. ఇళ్లలో తెలుగు, బజారులో తమిళం, స్టేషన్లో రెండూ.

"ఏం తమ్ముడూ, తాంబరంలో నేర్చుకున్నది చేతిలో ఉందా, నోటుబుక్కులో ఉందా?"

మొదట హోసు. 63 మిల్లీమీటర్ల వ్యాసం, 15 మీటర్ల పొడవు. చుట్టగా భుజాన వేసుకుంటే బరువనిపించదు. పరిచారు. మేల్ కప్లింగ్‌ను ఫీమేల్‌లోకి నెట్టారు, టక్కుమంది.

"వెనక్కి లాగి చూశావా?"

చూడలేదు. సరిగా పడని కప్లింగ్ ఒత్తిడి రాగానే ఊడుతుంది. ఊడి ఎగిరిన ఇత్తడి ముక్క కాలి ఎముక విరగ్గొడుతుంది. విప్పి మళ్లీ పెట్టారు, ఈసారి లాగి చూశారు. "వాటర్ ఆన్!" పంపు దగ్గర డ్రైవరు వాల్వు తిప్పాడు. చదునుగా పడున్న గుడ్డ గొట్టం ఒక్కసారిగా ఉబ్బి బిగుసుకుంది. ఆ ఒక్క లెంగ్తులోనే ఇప్పుడు 46 కిలోలకు పైగా నీళ్లున్నాయి. హోసు కొసన మీ చేతిలో ఉన్న బ్రాంచి గొట్టానికి 20 మిల్లీమీటర్ల నాజిల్ బిగించి ఉంది. ఒత్తిడి 7 బార్లకు చేరేసరికి అది దాదాపు 45 కిలోల బలంతో మిమ్మల్ని వెనక్కి తోస్తుంది. ఒక కాలు వెనక్కి వేసి నడుం వంచితే, వెనక నిలబడ్డ రెండోమనిషి మీ వీపుకు భుజం ఆనిస్తే, అప్పుడు నిలుస్తారు. ఒంటరిగా పట్టుకుంటానని పంతం పట్టిన కొత్తకుర్రాళ్లను లీడింగ్ ఫైర్‌మ్యాన్ చాలామందిని చూశాడు. బ్రాంచి చేతిలోంచి జారితే అది ఎవరి తలకు తగులుతుందో ఎవరూ చెప్పలేరు.

"ఇలా వదిలితే మన టెండరులో నీళ్లు ఎంతసేపొస్తాయి?" టెండరు 4,500 లీటర్లది. ఆ నాజిల్, ఆ ఒత్తిడి మీద నిమిషానికి 700 లీటర్లు పోతాయి. ఆరున్నర నిమిషాలు కూడా రావు. లెక్క చెప్పేసరికి మీ గొంతు తగ్గింది. ఆయనకు కావలసిందీ అదే. నీళ్లు అయిపోయాక రెండో టెండరు ఎక్కణ్ణుంచి వస్తుంది, దగ్గర్లో ఏ మిల్లులో తొట్టి ఉంది, ఏ తోటలో బావికి మోటారు ఉంది, ఇవన్నీ గంట మోగకముందే తెలిసుండాలి. అందుకే సెలవురోజున కూడా సైకిలేసుకుని ఊరంతా తిరగమంటాడు. శింగరాజకోట సందుల్లో టెండరు ఎక్కడ తిరగదో, సక్కరాజకోటలో ఏ తీగ కిందికి వేలాడుతోందో కళ్లతో చూడమంటాడు.

తర్వాత పొగలో ఊపిరికి గాలినిచ్చే బి.ఏ. (బ్రీతింగ్ అపరేటస్) సెట్టు. వీపున సిలిండరు, ముఖానికి మాస్కు. మాస్కు అద్దానికి నల్లగుడ్డ కట్టి మిమ్మల్ని స్టోరు గదిలోకి వదిలారు. ఏమీ కనిపించదు, మీ ఊపిరి చప్పుడే చెవుల్లో. ఎడమచేతిని గోడ మీద ఉంచి, కుడికాలితో ముందు నేలను తడుముతూ కదులుతారు. అరచేత్తో తడమకూడదు, చేతివెనకవైపుతోనే. కరెంటు తీగ తగిలితే పిడికిలి మూసుకుపోతుంది, వెనకవైపు తగిలితే చెయ్యి దానంతటదే వెనక్కి వస్తుంది. ఆరు లీటర్ల సిలిండరులో 300 బార్ల గాలి అంటే 1,800 లీటర్లు. నిమిషానికి 40 లీటర్ల చొప్పున 45 నిమిషాలని పుస్తకంలో ఉంటుంది. భయపడినా, పరిగెత్తినా 60 లీటర్లు లాగేస్తారు, అరగంటకు సరి. 50, 55 బార్ల దగ్గర ఈల మోగుతుంది. ఆ ఈల విన్నాక బయల్దేరడం కాదు, ఆ ఈల బయట వినపడాలి. లోపలికి వెళ్లేటప్పుడే తిరిగి రావడానికి కావలసిన గాలిని పక్కన పెట్టుకోవాలి.

పదకొండు గంటలకు గంట మోగింది. ఊరి అంచున పత్తి గోడౌను.

టెండరులో సైరను మోతకు మీ గుండె మోత తోడైంది. ఎదురుగా కూర్చున్న ఆయన మాత్రం హెల్మెట్ పట్టీ బిగించుకుంటూ గాలి ఎటు వీస్తోందో కిటికీలోంచి చూస్తున్నాడు. గేటు దగ్గర జనం. షట్టరు కిందినుంచి మంట లేదు, పసుపుపచ్చ పొగ మాత్రం నెమ్మదిగా పాకుతోంది. మీకు లోపలికి దూకాలనిపిస్తుంది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "ముందు మెయిన్ స్విచ్ ఆపారా? లోపల ఎవరైనా ఉన్నారా? ఏమేం పెట్టారు?" మూడు ప్రశ్నలకూ జవాబొచ్చాకే అడుగు పడింది.

రాజపాళయం పత్తి మీద బతికే ఊరు. 1936లో పి.ఏ.సి. రామసామి రాజా రాజపాళయం మిల్స్ స్థాపించిన దగ్గర్నుంచి స్పిన్నింగ్ ఇక్కడి బతుకుతెరువు. పక్కన చత్రపట్టిలో ఆసుపత్రులకు కట్టుగుడ్డలు నేస్తారు. కనక ఇక్కడ చేరిన ఫైర్‌మ్యాన్‌కు అన్నిటికన్నా ముందు తెలియాల్సింది పత్తి ఎలా కాలుతుందన్నది. బ్లోరూములో బేలు విప్పి వేసేటప్పుడు దాంట్లో చిన్న ఇనపముక్కో రాయో ఉంటే, తిరిగే బీటరుకు తగిలి రవ్వ పుడుతుంది. గాలి దాన్ని గొట్టాల వెంట తర్వాతి మిషనుకు తీసుకుపోతుంది. మంట ఇక్కడ ఆరిందనుకుంటే వ్యర్థం పోగుపడే గదిలో లేస్తుంది. దూలాల మీద, ట్యూబులైట్ల మీద పేరుకున్న నూగు ఒక్క క్షణంలో అంటుకుని కప్పు పొడవునా పరుగెడుతుంది. అందుకే మిల్లులోకి వెళ్లగానే మీ కళ్లు నేల మీద కాదు, పైన ఉండాలి. ఫ్యాన్లు ఆపించండి, గొట్టాల వెంట తడిమి వేడి చూడండి.

గోడౌనులో కథ వేరు. సుమారు 170 కిలోల బేళ్లు, ఉక్కు పట్టీలతో బిగించినవి, వరుసల మీద వరుసలు. జిన్నింగులో పడిన రవ్వ బేలులో చిక్కుకుంటే రోజుల తరబడి లోపల రాజుకుంటూనే ఉంటుంది, బయటికి ఏమీ కనిపించదు. మీరు మంట మీద నీళ్లు కొట్టారు. పైన నలుపు, ఆవిరి. ఆరిపోయిందని మొహం వెలిగింది. ఆయన చేతి తొడుగు తీసి, బేలు పక్కన అరచెయ్యి పెట్టి చూసి, "లోపలుంది" అన్నాడు. పచ్చిపత్తి పీచుకు సహజంగా మైనం పూత ఉంటుంది, నీటిని అది లోపలికి రానివ్వదు. మీరు కొట్టిన నీళ్లు జారి నేల మీద పారుతున్నాయి. ఆసుపత్రి దూది అలా కాదు, మైనం తీసేసిందే కాబట్టి నీటిని గటగటా పీలుస్తుంది. ఒకే పత్తి, రెండు రకాల మంట. పచ్చిపత్తి మీద నీళ్లలో తడిపే ద్రావణం కలిపి వాడాలి. అదీ ఎక్కువ ఒత్తిడితో జెట్టు కాదు, చల్లినట్టు. జెట్టు కొడితే మండే పీచు ఎగిరి పక్క వరుస మీద పడుతుంది.

ఇక మిగిలింది చేతిపని. బేళ్లను ఒకటొకటిగా బయటి ఖాళీ స్థలానికి దొర్లించాలి, పట్టీలు కత్తిరించాలి. తెగిన ఉక్కు పట్టీ ముఖం మీదికి లేస్తుంది కాబట్టి ఎదురుగా కాక పక్కన నిలబడి కత్తిరించాలి. కొంకి వేసి పొర తర్వాత పొర చీల్చి తడపాలి. తడిసిన బేళ్లు బరువెక్కి పేర్పు కూలుతుంది, కాబట్టి దాని కింద ఎవరూ ఉండకూడదు. రాజుకునే పత్తి కార్బన్ మోనాక్సైడు వదులుతుంది, వాసన లేని విషం. మంట లేదు కదా అని మాస్కు తీసిన కుర్రాడి మీద ఆయన అక్కడే గట్టిగా అరిచాడు. సాయంత్రం దాకా ఇదే పని. చేతులు బొబ్బలెక్కాయి. టీవీలో చూపించే దృశ్యం ఒక్కటీ లేదు. కానీ ఆ ఊరికి అవసరమైన ఫైర్‌మ్యాన్ పని ఇదే.

స్టేషనుకు వచ్చి హోసులు కడిగి ఆరేశాక టీ. అప్పుడే ఆయన శివకాశి మాట ఎత్తాడు. ఇక్కణ్ణుంచి దూరమేమీ కాదు. 2012 సెప్టెంబరు 5న ముదలిపట్టి బాణసంచా ఫ్యాక్టరీలో నిప్పు పుట్టినప్పుడు చుట్టుపక్కల జనం సాయానికీ, చూడడానికీ పరుగెత్తారు. వెంటనే పెద్ద పేలుడు. దాదాపు 40 మంది పోయారు, వాళ్లలో చాలామంది ఫ్యాక్టరీతో సంబంధం లేనివాళ్లే. "మందుగుండు ఉన్న చోట మన మొదటి పని నీళ్లు కొట్టడం కాదు తమ్ముడూ, జనాన్ని వెనక్కి నెట్టడం. అల్యూమినియం పొడి మీద నీళ్లు పడితే హైడ్రోజను పుడుతుంది. పేలే షెడ్డును వదిలెయ్, పేలని షెడ్డును కాపాడు." ఆగమన్నప్పుడు ఆగడానికి చాలా ధైర్యం కావాలని నేను గట్టిగా నమ్ముతాను. అది లేనివాడికి ఈ ఉద్యోగం ప్రమాదం, వాడి పక్కవాడికి ఇంకా ప్రమాదం.

బావి కాల్స్ కూడా అంతే. పాడుబడ్డ బావిలో ఆవు పడిందంటారు, దిగిన రైతు కిందే కూలిపోయాడంటారు. కింద ఆక్సిజను లేదేమో, డీజిలు ఇంజను పొగ నిండిందేమో చూడకుండా దిగిన రెండోవాడూ పోతాడు. నడుముకు తాడు, పైన పట్టుకునే మనిషి, ముఖానికి బి.ఏ. సెట్టు, ఆ తర్వాతే మొదటి మెట్టు. కొండమీద ఎండుగడ్డి మంటల సంగతి అటవీశాఖ చూసుకుంటుంది కానీ, 2018 మార్చిలో తేని జిల్లా కురంగణిలో ట్రెక్కింగుకు వెళ్లినవాళ్లు 20 మందికి పైగా పోయారని మరిచిపోవద్దు. వాలు మీద మంట పైకి పాకే వేగాన్ని మనిషి కాళ్లు అందుకోలేవు.

ఏప్రిల్ 14న స్టేషన్లో మౌనం పాటిస్తారు. 1944లో ఆ రోజున బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ ఓడ పేలి 66 మంది ఫైర్‌మెన్ పోయారు. ఆ ఓడలో మందుగుండుతో పాటు పత్తి బేళ్లు కూడా ఉన్నాయి. నిప్పు పుట్టింది బేళ్లున్న చోటేనని ఆయన చెబుతుంటే, పొద్దున తొడుగు తీసి బేలును తడిమిన ఆయన చేతిని మీరు మరోలా చూస్తారు.

మిల్లో గోడౌనో నడిపేవాళ్లు ఇది చదువుతుంటే ఒక మాట. బేళ్ల వరుసల మధ్య మనిషి నడిచే దారి వదలండి. వెనక గేటుకు తాళం వేసి తాళంచెవి ఎక్కడో పెట్టొద్దు. తొట్టిలో నీళ్లున్నాయో లేదో వారానికోసారి చూడండి. నిప్పు కనిపించగానే 101కో 112కో ఫోను చేసి, లోపల ఎవరున్నారో, ఏమేం నిలవ ఉన్నాయో ఉన్నదున్నట్టు చెప్పండి. చెప్పాక జనాన్ని వెంటబెట్టుకుని గేటు దాటి దూరంగా వెళ్లండి. ఆపైన పని ఆ కుర్రాళ్లది.