ఒక మూటలో నాలుగు లెక్కలు: ఎస్ నుంచి ఆర్ దాకా



మన కయత్తారు, కోవిల్‌పట్టి, విరుదునగర్ పిల్లలు చానామంది ఇప్పుడు ఆర్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుంటా ఉన్నారు. గణాంకాల కోసమని పుట్టిన భాష అది. అందులోని ఒక చిన్న నియమం గురించి, అది వచ్చిన దారి గురించి ఈ వారం రాస్తాము.

నియమం ఇది. ఒక ఫంక్షన్ పని ముగించి మనకు తిరిగి ఇచ్చేది ఒక్క వస్తువే. మరి సగటు, ప్రామాణిక విచలనం, లెక్కలోకి వచ్చిన ఇళ్ళ సంఖ్య, మూడూ కావాలంటే?

ముందు కాలంలో ఈ లెక్కలు ఫోర్‌ట్రాన్‌లో చేసేవారు. అడిగేవాడే గిన్నెలు ఇచ్చేవాడు, సబ్‌రొటీన్ వాటిని నింపేది. ఎన్ని ఫలితాలైనా వస్తాయి. కానీ ఇచ్చిన గిన్నెలో పాత లెక్క ఉంటే అది చెరిగిపోతుంది.

1976లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో జాన్ చేంబర్స్, రిక్ బెకర్, మరికొందరు ఎస్ అనే భాష మొదలుపెట్టినారు. లోపల పని చేసింది ఫోర్‌ట్రానే. కానీ వాడేవారికి వేరే పద్ధతి పెట్టినారు: ఇచ్చిన సరుకు చెరపకూడదు, ఫలితాన్ని కొత్తగా కట్టి చేతికివ్వాలి. 1990లలో న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ ఆ బాటలోనే ఆర్ తయారు చేసినారు. 1995లో దాన్ని అందరికీ ఉచితంగా విడిచిపెట్టినారు.

ఆర్‌లో పలు ఫలితాలు కావాలంటే లిస్ట్ అనే మూట కట్టాలి. మూట ఒకటే, లోపల ఎన్నైనా పెట్టవచ్చు, ఒక్కొక్కదానికి పేరు రాయవచ్చు. కావలసినది డాలర్ గుర్తు పెట్టి పేరుతో పిలిస్తే వస్తుంది. మొదట్లో రిటర్న్ అనే మాట పక్కన రెండు మూడు విలువలు వరసగా రాసినా చెల్లేది. తర్వాత దాన్ని మాన్పించినారు. ఇప్పుడు అలా రాస్తే తప్పు చూపించి ఆగిపోతుంది.

లిస్ట్ బదులు సి అనే ఫంక్షన్‌తో అంకెలూ మాటలూ కలిపినారంటే అంకెలు కూడా మాటలైపోతాయి. అట్లే వాటిని కూడలేము.

రైల్వేలో గుమస్తాగా మాకు ఇది కొత్త కాదు. రోజు ముగిస్తే లెక్కల పుస్తకం ఒకటే పోతుంది. అందులో టికెట్ల మొదటి నెంబరు, ముగింపు నెంబరు, అమ్మినవి, వచ్చిన రొక్కం, దేని గడి దానిదే. రొక్కం ఒక్కటే రాసి పంపితే ఎవరూ ఒప్పుకోరు.

మన వాళ్ళ లెక్క మాత్రం ఒక్క అంకెతో ఒప్పుకొంటున్నాము. 2011 జనగణన ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పినవారు 42 లక్షల చిల్లర. ఆ ఫారంలో మాతృభాషకు ఒక గడి, తెలిసిన వేరే భాషలకు రెండు గడులు ఉన్నాయి. చదవడం వచ్చునా అని అడిగినారు, ఏ భాషలో అని అడగలేదు.

మన ఇడైసేవల్ కి. రాజనారాయణన్ గారినే చూడండి. ఇంట్లో తెలుగు, రాసింది తమిళం. ఈ కరిసల్ నేలకు వచ్చి చేరిన తెలుగువారి కథను తమిళంలోనే రాసినారు. ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది. ఆయన్ను ఒక్క గడిలో ఎట్లా పెడతారు?

కాబట్టి పిల్లలూ, మన ఇళ్ళ లెక్క తీసే రోజు వస్తే ‘తెలుగు ఇళ్ళు ఇన్ని’ అని ఒక్క అంకె తేవద్దు. పెద్దవాళ్ళు తమలో తాము మాట్లాడేది, మనవళ్ళతో మాట్లాడేది, చదవగలిగేది, రాయగలిగేది, నాలుగూ వేరే వేరే పేర్లతో ఒక మూటగా కట్టి తెండి. మొదటి గడి నిండుగా ఉండి రెండో గడి ఖాళీ అవుతూ ఉంటే, అది ఒక్క అంకెలో కనపడదు. కనపడేటప్పటికి ఇంట్లో తెలుగులో బదులు చెప్పేవాళ్ళు ఉండరు.